విచారణ ఆపండి, రోగి పక్కన కూర్చోండి

మన సంఘంలో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిస్తే, పరామర్శకు వెళ్లేవారు గడప దాటకముందే ఒక మాట అడుగుతారు. "బీడీ తాగేవాడా?" తాగేవాడంటే "చేసుకున్నదే కదా" అని నిట్టూరుస్తారు. తాగేవాడు కాదంటే అంతటితో వదిలిపెట్టరు. దశమభాగం సరిగా ఇచ్చేవాడా, ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగేదా, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందా అని ఆరా మొదలవుతుంది. రోగి స్త్రీ అయితే ఆ ఆరా ఆమె భర్త దాకా, పుట్టింటి దాకా పోతుంది.

తర్వాత ప్రార్థన చేస్తారు, ఇచ్చిన టీ తాగుతారు, వెళ్లిపోతారు. రెండో నెలకు రాకపోకలు తగ్గుతాయి. నాలుగో నెలకు ఆ ఇంటి తలుపు తట్టేవారు ఉండరు.

దీన్ని పరామర్శ అనకండి. ఇది విచారణ. తీర్పు ముందే రాసిపెట్టుకుని చేసే విచారణ. క్రీస్తు పేరు పెట్టుకున్న సంఘం చేయకూడని పని ఇది. చేయవలసిన పని వేరే ఉంది, దాన్ని మనం ఆసుపత్రుల మీదికి, ప్రభుత్వం మీదికి, చివరికి దేవుని మీదికి నెట్టేసి కూర్చున్నాం. ఈ మాట అన్ని తెలుగు సంఘాలకూ వర్తిస్తుంది. అయినా రాయచూరు జిల్లాను ముందు పెట్టుకుని చెబుతాను. ఎందుకంటే అక్కడ రోగిని వేలెత్తి చూపడం ఎంత అన్యాయమో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

గాలిని ఎవరు విచారించారు?

1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలోదే. సరిహద్దు మారినా తెలుగు మాట మారలేదు. ఆ తర్వాత తుంగభద్ర కాలువ కింద భూములు సాగుచేయడానికి ఆంధ్ర నుంచి వచ్చినవారు సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు కట్టుకున్నారు. రైతులూ వచ్చారు, వారి వెంట కూలీలూ వచ్చారు. ఆ కూలీల్లో, పట్నంలోని పాత పేటల్లో, మిల్లుల చుట్టూ ఉన్న గుడిసెల్లో మన సహోదరులు చాలామంది ఉన్నారు.

వారు ఏ గాలి పీలుస్తున్నారో చూడండి. లింగసుగూరు తాలూకాలో హట్టి బంగారు గనులు ఉన్నాయి. అక్కడి బంగారం స్ఫటిక శిలల్లో, అంటే క్వార్ట్‌జ్ రాయిలో ఉంటుంది. ఆ రాయిని తొలిస్తే, పగలగొడితే సిలికా దుమ్ము లేస్తుంది. పనిచేసే చోట పీల్చే ఆ దుమ్ము మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1997లోనే తేల్చింది. కంకర మిషన్ల దగ్గర నోటికి తువ్వాలు కట్టుకుని పనిచేసే కూలీ పీల్చేదీ రాతి దుమ్మే.

కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1985 నుంచి బొగ్గు మండుతోంది. ఎనిమిది యూనిట్లు, మొత్తం 1720 మెగావాట్లు. యరమరస్‌లో మరో రెండు యూనిట్లు, 1600 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు నూటికి 30 దాటడం మామూలు. కరెంటు రాష్ట్రమంతా పోతుంది, బూడిద మాత్రం అక్కడే మిగులుతుంది. బయటి గాలి కాలుష్యం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ఐఏఆర్‌సీ 2013లో ప్రకటించింది. డీజిల్ పొగ సంగతి అంతకు ముందు ఏడాదే చెప్పింది. కట్టెలు, పిడకలు మండించే వంటింటి పొగను క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్నవాటి జాబితాలో పెట్టింది. నలభై ఏళ్లు పొయ్యి ఊదిన అవ్వ బీడీ ముట్టి ఉండదు. ఆమె ఊపిరితిత్తులు మాత్రం పొగలోనే బతికాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఒక రోగిని చూపించి, ఇతని గడ్డ ఫలానా పొగగొట్టం వల్ల వచ్చింది, ఫలానా గని వల్ల వచ్చింది అని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. పొగాకు ఈ జబ్బుకు అతి పెద్ద కారణం, అదీ నిజమే. కానీ బీడీ తాగినవారందరికీ ఇది రాదు, తాగనివారికీ వస్తుంది. ఏళ్ల తరబడి చదివిన డాక్టరు చెప్పలేని కారణాన్ని మన సంఘ పెద్ద మూడో వరుస కుర్చీలో కూర్చుని ఎలా తేలుస్తున్నాడు?

పోనీ, బీడీయే కారణం అనుకుందాం. ఆ బీడీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. పన్నెండు గంటలు బస్తాలు మోసేవాడికి ఆకలి చంపుకోవడానికి చేతికందే అతి చవకైన వస్తువు అది. మన గుంటూరులోనే 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. పొగాకు సాగును నడిపించడం, ఎగుమతులు పెంచడం దాని పని. పెట్టె మీద హెచ్చరిక బొమ్మ వేయించేదీ ప్రభుత్వమే, ఆ ఆకుకు వేలంపాట నడిపించేదీ ప్రభుత్వమే. వ్యాపారికి లాభం, ఖజానాకు పన్ను, కూలీకి పాపం. ఈ పంపకంలో సంఘం ఎవరి పక్షాన నిలబడింది? కూలీ మీద రాయి వేసేవారి పక్షాన.

షుగరు వచ్చిన పెద్దాయనను "ఎన్ని లడ్డూలు తిన్నావు?" అని పాస్టరు గారు అడగరు. గుండెపోటు వచ్చిన దాతను "ఎంత నెయ్యి తిన్నావు?" అని అడగరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగిని మాత్రం అడుగుతాం. ఆ రోగి తరచూ పేదవాడు కాబట్టి అడిగే ధైర్యం వస్తోంది.

యేసు ఒప్పుకోని ప్రశ్న

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు వేసిన ప్రశ్న మనందరికీ తెలుసు. పాపం ఇతనిదా, కన్నవారిదా అని అడిగారు. యేసు ఆ రెంటిలో ఒకటి ఎంచలేదు. ప్రశ్ననే తోసిపుచ్చి ఆ మనిషి కళ్లకోసం పనికి దిగాడు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములోని మిగతావారికంటే పాపులా అన్న ఆలోచనను కూడా ఆయన కొట్టిపారేశాడు. గోపురం మీద పడ్డవాడి పాపాలు లెక్కపెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు.

యోబు స్నేహితులను గుర్తు తెచ్చుకోండి. వారు చేసిన మంచి పని ఒక్కటే. ఏడు రాత్రింబగళ్లు అతనితో పాటు నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా పలకలేదు. నోరు తెరిచిన దగ్గర నుంచి చెడిపోయారు. నీలో ఏదో తప్పు లేకపోతే ఇలా ఎందుకు జరుగుతుంది అన్నదే వారి వాదన సారాంశం. పుస్తకం చివర దేవుడు కోపగించుకున్నది ఎవరి మీద? కష్టంలో ఉండి దేవునితో గొడవపడిన యోబు మీద కాదు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని అతనికి నీతులు చెప్పిన స్నేహితుల మీద.

మన పరామర్శ బృందాలు ఎనిమిదో రోజు స్నేహితుల్లాగే ఉన్నాయి. మొదటి ఏడు రోజులు మనకు చేతకావడం లేదు.

నింద ప్రాణం తీస్తుంది

"మాటలే కదా, మాటలతో ఏం పోతుంది?" అనేవారికి ఒక విషయం. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 45 మందితో పరిశోధకులు మాట్లాడి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. పొగ తాగినవారూ, ఎన్నడూ తాగనివారూ, ఎప్పుడో మానేసినవారూ, అందరూ నింద మోస్తున్నామనే చెప్పారు. కొందరు జబ్బును దాచుకున్నారు. దాచుకున్నవాడికి సాయం ఎలా అందుతుంది?

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆగని దగ్గు, కళ్లెలో రక్తం, బరువు తగ్గడం. ఈ లక్షణాలు టీబీకీ ఉంటాయి, ఈ జబ్బుకీ ఉంటాయి. అందుకే కొందరు రోగులు నెలల తరబడి టీబీ మందులు మింగాక గానీ అసలు సంగతి బయటపడదు. టీబీ అన్నప్పుడే గ్లాసు, కంచం వేరు చేసిన ఇల్లు, క్యాన్సర్ అనగానే మనిషినే వేరు చేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. ఈ మూడు మాటలు పులిపిటం మీద నుంచి చెప్పిన పాస్టర్లు ఎంతమంది?

2022లో ప్రపంచమంతటా దాదాపు 25 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, సుమారు 18 లక్షల మంది దీనితో చనిపోయారు. చాలామందికి జబ్బు ముదిరాకే తెలుస్తుంది. అంటే రోగికి మిగిలిన కాలం తక్కువ. ఆ తక్కువ కాలాన్ని మనం అవమానంతో నింపుతున్నాం.

రోగి ఒక్కడే కాదు. అతని భార్య రాత్రంతా అతని ఆయాసం వింటూ మేలుకుని ఉంటుంది, తెల్లారి కూలికి పోతుంది. పెద్ద కూతురు కాలేజీ మానేసి వంటింట్లోకి వస్తుంది. గేదె అమ్ముడుపోతుంది, చెవి కమ్మలు కుదువకు పోతాయి, సంఘాల అప్పు వాయిదా తప్పుతుంది. మైక్రో ఫైనాన్స్ వసూళ్ల వేధింపులు ఎంత ముదిరాయంటే 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం వాటిని ఆపడానికి ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అటువంటి ఇంటికి వెళ్లి "విశ్వాసం తక్కువైంది" అని చెప్పి రావడం ఏ సువార్త?

రెండు రాజధానుల మధ్య

రాయచూరు నుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. బెంగళూరు 400 దాటుతుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, బెంగళూరులో కిద్వాయి ఉంది, కలబురగిలో కిద్వాయి శాఖ ఉంది. తెలుగు రోగికి హైదరాబాద్ దగ్గర, భాషా తెలుసు, కానీ చేతిలో ఉన్నది కర్ణాటక కార్డు. బెంగళూరులో కార్డు చెల్లుతుంది, కానీ దూరం, ఖర్చు, తెలియని ఊరు. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక పథకం కింద బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. మంచిదే. కానీ పోయిన కూలిని ఆ పథకం ఇవ్వదు. ఆసుపత్రి బయట లాడ్జి అద్దె ఇవ్వదు. తోడు వెళ్లిన మనిషి తిండి ఇవ్వదు. డాక్టరు కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్పింది అర్థం కాక బల్ల మీద కూర్చుండిపోయిన భార్యకు తోడు ఇవ్వదు.

హైదరాబాద్ బస్సు ఎక్కితే శక్తినగర్ పొగగొట్టాల పక్కనుంచే కృష్ణ దాటాలి. రాష్ట్రానికి వెలుగు ఇచ్చే జిల్లా తన రోగిని పక్క రాష్ట్రానికి పంపుకుంటోంది. ఈ ప్రాంతం వెనకబడిందని నంజుండప్ప కమిటీ 2002లోనే చెప్పింది. రాజ్యాంగంలో 371-జె చేర్చడానికి 2012 దాకా పట్టింది. రాయచూరుకు ఎయిమ్స్ కావాలని 2022 మేలో మొదలైన ధర్నా వెయ్యి రోజులు దాటింది. ఆ శిబిరంలో మన సంఘాలు ఎన్నిసార్లు కూర్చున్నాయి? క్రిస్మస్ ర్యాలీకి లారీలు కట్టగలం, ఉజ్జీవ సభలకు షామియానాలు వేయగలం. ఆసుపత్రి అడగడానికి మాత్రం మనకు తీరిక దొరకదు. అది లోక సంబంధమైన పనట! రోగిని ముట్టుకోవడం లోక సంబంధమైతే, సువార్తల్లో సగం పేజీలు చింపేయాలి.

తోడు కూడా వైద్యమే

"మందు ఇవ్వడం డాక్టరు పని, ప్రార్థన మన పని" అని ఒక వాదన ఉంది. వినడానికి వినయంగా ఉంటుంది, కానీ అది తప్పించుకునే మాట.

సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లండు క్రైస్తవ స్త్రీ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ అనే హాస్పైస్ తెరిచింది. చనిపోతున్నవారి నొప్పి ఒంట్లో మాత్రమే ఉండదని, మనసులో, కుటుంబంలో, ఆత్మలో కూడా ఉంటుందని, నాలుగింటినీ కలిపి చూడకపోతే నొప్పి తగ్గదని నేర్పింది ఆమె. ఈనాటి పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన వైద్యం, ఆ పునాది మీదే పెరిగింది.

2010లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు క్యాన్సర్ వైద్యం ఇచ్చారు. రెండో గుంపుకు అదే వైద్యంతో పాటు మొదటి నుంచే ఉపశమన వైద్యమూ ఇచ్చారు. నొప్పి, ఆయాసం, దిగులు, కుటుంబం తీసుకోవలసిన నిర్ణయాలు, అన్నిటి గురించీ కూర్చుని మాట్లాడేవారు. రెండో గుంపులో కుంగుబాటు తగ్గింది, బతికిన రోజులు బాగున్నాయి. అంతేకాదు, ఆయుష్షు కూడా పెరిగింది. మామూలు గుంపు సగటున సుమారు 9 నెలలు బతికితే, వీరు దాదాపు 12 నెలలు బతికారు.

ఇది పెద్ద ఆసుపత్రులకే సాధ్యం అనుకోవద్దు. కేరళలో 1993లో కోళికోడ్‌లో ఒక చిన్న సంస్థగా మొదలైన పని, కొన్నేళ్లలో పల్లె పల్లెకూ పాకింది. టీచర్లు, దుకాణదారులు, ఆటో డ్రైవర్లు, విద్యార్థులు శిక్షణ తీసుకుని తమ వీధిలోని రోగులను వారం వారం చూసేవారు. నర్సు వెంట ఇంటికి వెళ్లేవారు. చిల్లర విరాళాలతోనే చాలా చోట్ల నడిచింది. దాన్ని చూసే కేరళ ప్రభుత్వం 2008లో ఉపశమన వైద్య విధానం ప్రకటించింది. హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ కలిసి చేశారు. ప్రతి ఆదివారం వంద మంది ఒకచోట చేరే సంఘానికి ఇది చేతకాదంటే ఎవరు నమ్ముతారు?

మన చరిత్రలోనే చూడండి. రాయచూరు లాగే ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి కట్టారు. ఊరు వెలివేసినవారిని దగ్గరికి తీసిన చేతులను చూసి మన తాతలు, అవ్వలు ఈ సంఘాల్లోకి వచ్చారు. వారి మనవలం ఇప్పుడు కొత్త వెలివాడ కడుతున్నాం.

మైకు ఎవరికి ఇస్తున్నాం?

స్వస్థత సభల గురించి నొప్పి కలిగినా చెప్పాలి. బాగుపడ్డవాడికి మైకు ఇస్తాం. బాగుపడనివాడికి కుర్చీ కూడా ఉండదు. అతను సభలో ఉంటే సభ పరువు పోతుందన్నట్టు చూస్తాం. "నీ విశ్వాసమే నిన్ను బాగుచేయాలి" అనే మాటను ఆయాసంతో మాట రానివాడి మీద మోపుతాం. కీమో మానేయమని, మాత్రలు పారేయమని చెప్పే బోధకులూ ఉన్నారు. అది విశ్వాసం కాదు, రోగి ప్రాణంతో జూదం.

కపెర్నహూములో పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చారు, దారి లేకపోతే ఇంటి కప్పు విప్పారు. యేసు ఎవరి విశ్వాసం చూశాడని మార్కు రాశాడు? వారి విశ్వాసం. మంచం మీద ఉన్నవాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతనికి పాపక్షమాపణ చెప్పాడు కదా అంటారేమో. చెప్పాడు. విచారణ లేకుండా, సాక్షులు లేకుండా, ముందుగానే క్షమించాడు. నేరం ఒప్పించాక కాదు. రోగి విశ్వాసాన్ని కొలిచే సంఘం ముందు మోసేవారి విశ్వాసాన్ని కొలుచుకోవాలి. మంచానికి నాలుగు కోళ్లున్నాయి, మనవారు ఎన్నిటిని పట్టుకున్నారు?

యువతీయువకులారా, పని ఇది

పెద్దలు మారేదాకా ఆగవద్దు. ఆరుగురు చాలు.

ఒక కుటుంబానికి ఇద్దరు. వారానికి ఒక రోజు ఖాయం చేసుకోండి, ఆ రోజు తప్పకండి. రోగి చనిపోయినా కనీసం ఏడాది ఆ ఇంటికి వెళ్లండి. సమాధి తోట నుంచి వచ్చిన మూడో వారమే ఆ ఇల్లు అందరికంటే ఒంటరిదవుతుంది.

ఆసుపత్రికి ఒకరు తోడు వెళ్లండి. కన్నడం, తెలుగు రెండూ వచ్చినవారైతే మంచిది. కాగితాలన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. డాక్టరును అడగవలసినవి ముందే రాసుకోండి. క్యాన్సర్ రోగికి వైద్యం కోసం రైల్లో వెళ్లేటప్పుడు డాక్టరు సర్టిఫికెట్‌తో స్లీపరు, థర్డ్ ఏసీ తరగతుల్లో టికెట్ పూర్తి రాయితీ ఉంది, తోడు వెళ్లేవారికి 75 శాతం ఉంది. ఇది తెలియక అప్పు చేసి ప్రయాణం చేసే కుటుంబాలు ఉన్నాయి.

ఆయాసం గురించి నేర్చుకోండి. తల, వీపు కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి. కిటికీ తెరవాలి. చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా పెడితే ఊపిరాడని బాధ కొంత తగ్గుతుంది. ఆ గదిలోకి పొయ్యి పొగ, అగరబత్తి పొగ రానివ్వకండి. ఇరవై మంది దూరి గట్టిగా పాడకండి. ఇద్దరు వెళ్లి మెల్లగా ప్రార్థించినా దేవుడు వింటాడు. నొప్పికీ, ఆయాసానికీ డాక్టరు రాసే మార్ఫిన్ పాపం కాదు, మత్తుమందు అలవాటూ కాదు. అది రోగులకు దొరకాలనే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మీ జిల్లా ఆసుపత్రిలో దొరుకుతోందా అని అడగండి. దొరక్కపోతే ఎందుకని రాతపూర్వకంగా అడగండి.

చూసుకునే మనిషిని చూసుకోండి. వారానికి ఒక పూట మీరు రోగి దగ్గర కూర్చుంటే అతని భార్య నిద్రపోతుంది. ఆ పూట నిద్ర ఆమెకు పది ప్రసంగాల కంటే ఎక్కువ. ఎవరికైనా దిగులు ముదిరితే టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. బీడీ మానాలనుకునేవారికి 1800 112 356 ఉంది. మానమని తిట్టేకంటే ఆ నంబరు ఇచ్చి పక్కన ఉండండి.

డబ్బు గురించి దాపరికం వద్దు. పండగ కానుకల్లో ఒక భాగం రోగుల ప్రయాణాలకు, పిల్లల ఫీజులకు తీసిపెట్టమని కమిటీలో అడగండి. లెక్క గోడ మీద అతికించండి, రోగి పేరు మాత్రం అతికించకండి.

వినడం నేర్చుకోండి. "అంతా మంచికే" అనవద్దు. "దేవుని చిత్తం" అని ముగించవద్దు. "అన్నా, ఈ రోజు ఎట్లుంది?" అని అడిగి ఊరుకోండి. అతను దేవుణ్ణి తిట్టినా కంగారు పడకండి. యోబు కూడా గొడవపడ్డాడు.

చివరిది, బయటికి రండి. గనిలో, కంకర మిషను దగ్గర దుమ్ము అణచడానికి నీళ్లు చల్లుతున్నారా, మాస్కులు ఇస్తున్నారా, కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తున్నారా అని అడగండి. బూడిద లారీల మీద టార్పాలిన్ కప్పుతున్నారా అని అడగండి. జిల్లాలో ఉపశమన వైద్యానికి ప్రత్యేక వార్డు, ఇంటికి వచ్చే నర్సు కావాలని అడగండి. ఇవి అడగడం కూడా పరిచర్యే.

"మతం మారుస్తున్నారు అంటారు" అనే భయం

కర్ణాటకలో 2022లో మతమార్పిడి నిరోధక చట్టం వచ్చింది. దాన్ని రద్దు చేయాలని 2023 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించినా, ఊళ్లలో అనుమానం రద్దు కాలేదు. పక్కింటి హిందూ రోగి దగ్గరికి, ముస్లిం రోగి దగ్గరికి వెళితే నింద వస్తుందని మనవారు భయపడుతున్నారు. ఆ భయం నిజమే. దానికి జవాబు ఇంట్లో దాక్కోవడం కాదు. కరపత్రం లేకుండా వెళ్లండి. షరతు లేకుండా వెళ్లండి. ఆ ఇంటివారు అడిగితే తప్ప ప్రార్థన కూడా చేయకండి. నీళ్లు పట్టండి, ఫైలు సర్దండి, బస్సు ఎక్కించండి. ఊపిరాడని మనిషి నిస్సహాయతను మన సంఖ్య పెంచుకోవడానికి వాడుకోవడం చట్టం ఉన్నా లేకపోయినా తప్పే. గాయపడిన యాత్రికుడికి కట్టు కట్టిన సమరయుడు అతని మతం అడగలేదు, తన మతం చెప్పలేదు. పూటకూళ్లవాడికి డబ్బిచ్చి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

మళ్లీ రావడం. ఈ రోగులకూ వారి కుటుంబాలకూ మన దగ్గర నుంచి కావలసింది ముఖ్యంగా అదే. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో ఒక చిన్న లెక్క తీయండి. మన మధ్య ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవారు ఎందరు? వారింటికి ఈ నెలలో ఎవరు వెళ్లారు? గత రెండేళ్లలో ఈ జబ్బుతో చనిపోయినవారి భార్యాబిడ్డలు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారు, అసలు వస్తున్నారా? ఈ మూడు ప్రశ్నలకు పేర్లతో జవాబు రాయండి, పేరు పక్కన వారం రాయండి, వెళ్లేవారి పేరు రాయండి. కమిటీ సమావేశం దాకా ఆగకండి, సోమవారమే బయలుదేరండి.